తిరుపతి ఇంట్లో చెక్క నేల: ఏ గదికి ఏ రకం, వేయించేటప్పుడు ఏమేం చూడాలి

షోరూంలో ‘ఉడెన్ ఫ్లోరింగ్’ అని అడిగితే ఐదు రకాలు ఒకే వరసలో పెట్టి చూపిస్తారు. పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. ఒక్కో ముక్కని చేతిలోకి తీసుకుని పక్కకి తిప్పి, కోసిన అంచు చూడండి. పైనుంచి కిందిదాకా ఒకటే చెక్క ఉంటే అది సాలిడ్ ఉడ్. పైన కొన్ని ఎం.ఎం. అసలు చెక్క, కింద ప్లైవుడ్ పొరలు ఉంటే ఇంజినీర్డ్ ఉడ్. గోధుమరంగు పిండిని అదిమినట్టు ఉంటే లామినేట్. బూడిదరంగులో రాయిలా బరువుగా, సన్నగా ఉంటే ఎస్పీసీ. అయిదోది చెక్క గీతలు అచ్చేసిన విట్రిఫైడ్ టైల్. చివరి మూడింటి పైన కనబడేది చెక్క బొమ్మే. కొటేషన్‌లో ‘ఉడెన్ ఫ్లోరింగ్’ అని మాత్రమే రాసి ఇస్తే తీసుకోకండి. రకం, మొత్తం మందం, పైపొర మందం, కంపెనీ, డిజైన్ నంబరు అన్నీ రాయించుకోండి.

ధర, రంగు తర్వాతి సంగతులు. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా ఈ ఎంపికని తేల్చేది నీళ్ళే. అవి మూడు దారుల్లో వస్తాయి. కిందనుంచి వచ్చేది నేల చెమ్మ. పైనుంచి వచ్చేది మనం ఇల్లు కడిగే నీళ్ళు. మూడోది గాలిలో ఉండే తేమ. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, మధ్యాహ్నం గాలి పొడిబారిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురులో గోడలు కూడా చెమ్మగిల్లుతాయి. చెక్క ఈ తేమని పీల్చుకుని ఉబ్బుతుంది, వదిలేసి ముడుచుకుంటుంది. పాలిష్ వేసినా ఆ గుణం పోదు, వేగం తగ్గుతుందంతే.

సాలిడ్ టేకు

లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. అయిదు అంగుళాల వెడల్పు, అంటే 125 ఎం.ఎం. టేకు పలకని తీసుకుందాం. దానిలో తేమ 4 శాతం మారితే, దుంగని బల్లపరుపుగా కోసిన (ఫ్లాట్ సాన్) పలక అయితే వెడల్పు 0.9 ఎం.ఎం. దాకా మారుతుంది. అదే రెడ్ ఓక్ అయితే 1.8 ఎం.ఎం. మన వాతావరణానికి టేకు నప్పేది అందుకే: కదలిక ఓక్‌లో సగం, పైగా దాని సహజ నూనె వల్ల చేవభాగం జోలికి చెదలు అంత తొందరగా రావు. కానీ 12 అడుగుల గదిలో అలాంటి పలకలు 29 పడతాయి. ఒక్కోటి 0.9 చొప్పున ఉబ్బితే మొత్తం 26 ఎం.ఎం., అంటే ఒక అంగుళం. గోడ దగ్గర వదిలే అరంగుళం సందు దీన్ని మింగలేదు. అందుకే సాలిడ్ పలకని దేనికదిగా కింద మేకుతో పట్టించాలి. పలకల్ని సన్నగా, మూడు నుంచి నాలుగు అంగుళాల లోపే తీసుకోవాలి. రెండు ఎక్కువ మేకులు పోతాయి, సందులు మాత్రం కంటికి ఆనవు.

ఏ నెలలో వేశామన్నది కూడా ఇందులో భాగమే. మే నెలలో ఎండి బిగుసుకున్న చెక్కని దగ్గరగా కొడితే నవంబరులో ఉబ్బి, చోటు చాలక మధ్యలో పైకి లేస్తుంది. నవంబరు ముసురులో వేస్తే ఏప్రిల్‌కల్లా పలకల మధ్య రూపాయి బిళ్ళ నిలబడేంత సందులు పడతాయి. సంక్రాంతి దాటాక, శివరాత్రి లోపు వేయించుకుంటే రెండు కొసలకీ మధ్యలో ఉంటుంది. చెక్కలో తేమ 10 నుంచి 12 శాతం ఉండాలి. మాయిశ్చర్ మీటర్ సూదులు గుచ్చి చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోయే సంగతి ఇది. మీటర్ లేని కాంట్రాక్టరుకి సాలిడ్ ఉడ్ పని ఇవ్వకండి. ‘చేత్తో పట్టుకుంటే తెలుస్తుందండీ’ అనే మాటని ఈ పనిలో నమ్మలేం.

చాలామంది సామిల్లులో దుంగ కోయించి వడ్రంగి చేత పలకలు తీయిద్దామనుకుంటారు. చేయించవచ్చు, లెక్క మాత్రం ముందు తెలియాలి. 12×14 గది అంటే 168 చదరపు అడుగులు. చిత్రిక పట్టాక ముప్పావు అంగుళం మిగలాలంటే అంగుళం మందం కోయించాలి. ఆ లెక్కన 14 ఘనపుటడుగులు. పలకలు ఒకదానిలో ఒకటి ఇమిడేలా గాడి, నాలుక తీయడంలో పదో వంతు పోతుంది. ముళ్ళు, పగుళ్ళు, తెల్లచెక్క (చేవ లేని పైభాగం) తీసేస్తే ఇంకొంత పోతుంది. 17, 18 ఘనపుటడుగులు కొంటే గది పూర్తవుతుంది. తెల్లచెక్కని ‘పాలిష్‌లో కలిసిపోతుంది’ అని వేసేస్తారు. చెదలూ పుచ్చూ ముందు పట్టేది దానికే కాబట్టి ఒప్పుకోకండి. కోసిన పలకల మధ్య రీపర్లు పెట్టి నీడలో పేర్చి ఆరబెట్టడానికి నెలలు పడుతుంది. కిల్న్‌లో ఎండబెట్టించుకునే వీలుంటే వారాల్లో అవుతుంది. పచ్చి చెక్కతో తొందరపడి వేయించిన నేల మొదటి వేసవిలోనే విరగబడుతుంది.

పాత ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చే దూలాల టేకు దొరికితే మంచి సరుకే. ఏళ్ళ తరబడి ఆరి, ఆడడం మానేసిన చెక్క అది. రంపానికి ముందు ప్రతి దూలాన్నీ మేకుల కోసం వెతకాలి. సన్నటి గుండుసూది రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి కనిపిస్తే పుచ్చు పట్టిందని అర్థం, ఆ ముక్క ఇంట్లోకి రానివ్వకూడదు.

కొత్త చెక్క కొంటే బిల్లు, అటవీశాఖ రవాణా పర్మిట్ అడిగి తీసుకోండి. ఇంకోమాట, ఈ ఊళ్ళో ఉన్నాం కాబట్టి చెప్పాల్సిందే. శేషాచలం ఎర్రచందనం ‘పూజగదికి నాలుగు పలకలు’ అని ఎవరు ఆశపెట్టినా చెవిన పెట్టకండి. అది అంతరించే జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉన్న చెట్టు. అనుమతి లేకుండా నరికినా, అమ్మినా, దగ్గర ఉంచుకున్నా కేసే. మన కొండల్లో తప్ప మరెక్కడా సహజంగా ఇంతగా పెరగని మానుని కాళ్ళ కింద వేసుకోవడం తప్పు కూడా.

ఇంజినీర్డ్ ఉడ్

అసలు చెక్క కావాలి, సాలిడ్ టేకు తలనొప్పి వద్దు అనుకునేవాళ్ళకి ఇదే సరైనది. కింద ప్లైవుడ్ పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉండడంతో పైచెక్క ఉబ్బబోయినా అవి ఆపుతాయి. మందం సాధారణంగా 14, 15 ఎం.ఎం. డబ్బు పెట్టాల్సింది పైపొర మీద. 0.6 ఎం.ఎం. పైపొరది కూడా ఇదే పేరుతో అమ్ముతారు. దాన్ని ఒక్కసారి కూడా గీకి మళ్ళీ పాలిష్ చేయలేం. ఒకసారి సాండింగ్ చేస్తే అర ఎం.ఎం. నుంచి ముప్పావు దాకా పోతుంది. కాబట్టి 3 ఎం.ఎం. పైపొర ఉంటే ఇరవై ఏళ్ళలో రెండుసార్లు కొత్తగా చేసుకోవచ్చు. 4 ఉంటే మరీ మంచిది.

కింది ప్లై ఎలాంటిదో కంటికి తెలియదు. కొనే ముందు సాంపిల్ నుంచి నాలుగంగుళాల ముక్క కోయించి తెచ్చుకుని బకెట్ నీళ్ళలో ఒక రోజంతా ముంచి పెట్టండి. తీసి ఆరనిచ్చాక పొరలు విడిపోయినా, గోటితో ఊడివచ్చినా ఆ జిగురు మన ముసురుకి ఆగదు. ఒకటి రెండు ఎం.ఎం. ఉబ్బి మళ్ళీ సర్దుకుంటే ఫరవాలేదు. కొన్నిటికి కింద ప్లై బదులు చెక్కపొడిని అదిమి చేసిన హెచ్‌డీఎఫ్ ఉంటుంది. నేలమట్టం ఇంటికి అవి వద్దు.

టేకు పైపొరదా, ఓక్‌దా అని అడిగితే: ఓక్ కాస్త గట్టిది, సూట్‌కేసు దెబ్బకి తక్కువ నొక్కుపడుతుంది. టేకు రంగు మన తలుపులకీ గడపలకీ కలుస్తుంది. ఇంజినీర్డ్‌లో కదలిక భయం తక్కువ కాబట్టి ఈ ఒక్క చోట రంగు చూసి ఎంచుకోవచ్చు. నిగనిగలాడే గ్లాసీ ఫినిష్ మాత్రం వద్దు. మన వాకిట్లోంచి వచ్చే ఇసుకకి ఆరు నెలల్లో గీతలు తేలతాయి, మ్యాట్ అయితే కనబడవు.

లామినేట్

చెక్కపొడిని వత్తిడితో అదిమిన హెచ్‌డీఎఫ్ మీద బొమ్మకాగితం, దాని మీద గట్టి పొర. గీతలకి నిజంగానే బాగా ఆగుతుంది. ఏసీ4 గ్రేడు (పైపొర అరుగుదలకి ఎంత ఆగుతుందో చెప్పే అంకె), 12 ఎం.ఎం. తీసుకుంటే పిల్లల గదికి సరిపోతుంది. దీని శత్రువు కీళ్ళలోకి దిగే నీళ్ళు. ఒక చెంబు నీళ్ళు ఒలికి రాత్రంతా ఉంటే అంచులు ఉబ్బి లేస్తాయి, అవి మళ్ళీ ఆరినా కిందికి దిగవు. తడిగుడ్డతో రోజూ తుడిచే అలవాటున్న ఇంట్లో అయిదారేళ్ళ వస్తువుగానే లెక్క వేసుకోవాలి.

ఎస్పీసీ

సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేసిన పలక. నీళ్ళకి ఉబ్బదు, చెదలకి తిండి కాదు. 4 నుంచి 6 ఎం.ఎం. మందమే కాబట్టి పాత టైల్స్ మీదే వేసినా చాలాచోట్ల తలుపులు కోయక్కర్లేదు. అద్దెకిచ్చే ఇంటికి, చిన్నపిల్లలో పెద్దవాళ్ళో ఉన్న గదికి మంచి ఎంపిక. పైన పారదర్శకమైన అరుగుడు పొర 0.5 ఎం.ఎం. ఉన్నది అడగండి, 0.3 ది చవక, తొందరగా మసకబారుతుంది. దీన్ని ఇబ్బందిపెట్టేది పడమటి ఎండ. నిలువెత్తు అద్దం తలుపులోంచి మధ్యాహ్నం ఎండ నేరుగా పడే చోట పీవీసీ సాగుతుంది, గోడ దగ్గర సందు చాలకపోతే కీళ్ళు గుడారంలా లేస్తాయి. కర్టెన్ తప్పనిసరి. ‘వాటర్‌ప్రూఫ్’ అన్నది పలకకే వర్తిస్తుంది. కీళ్ళలోంచి కిందికి దిగిన నీళ్ళు అక్కడే ఉండి వాసన వస్తాయి.

చెక్కగీతల టైల్

200×1200 ఎం.ఎం. కొలతలో వస్తుంది. కడగవచ్చు, పసుపు నీళ్ళు చల్లవచ్చు, ఎండాకాలం దాని మీద చాప లేకుండా పడుకోవచ్చు. ఆ చల్లదనం చెక్క ఇవ్వదు, ఇది మన ఊళ్ళో చిన్న విషయం కాదు. పొడవు టైల్స్ మధ్యలో సన్నగా వంపు ఉంటాయి. ఇటుక గోడలా సగానికి సగం జరిపి వేస్తే ఒకదాని నడుము పక్కన ఇంకోదాని కొస వచ్చి కాలికి తగులుతుంది. మూడోవంతు మాత్రమే జరిపించండి. 2 ఎం.ఎం. సందు వదిలి, చెక్కరంగు ఎపాక్సీ గ్రౌట్ నింపితే సిమెంటు గ్రౌట్‌లా నల్లబడదు.

ఏ గదిలో ఏది

ఇల్లంతా ఒకటే వేయాలన్న పట్టుదల చాలా పనుల్ని చెడగొడుతుంది. మన ఇళ్ళలో హాలు ఇంటివాళ్ళకే కాదు, కొండకి వచ్చే చుట్టాలకి కూడా. తలంటుకుని తడికాళ్ళతో నడుస్తారు, చక్రాల సూట్‌కేసులు ఈడుస్తారు, పండగపూట కడుగుతారు. హాలుకీ భోజనాల గదికీ టైల్ గానీ ఎస్పీసీ గానీ వేయండి. మొదటి అంతస్తు, ఆపైన ఉన్న పడకగదులకి ఇంజినీర్డ్ ఉడ్ హాయిగా వేసుకోవచ్చు. వంటగదిలో, పూజగదిలో గ్రానైటే ఉంచండి. దీపపు నూనె, కుంకుమ, పసుపు, కర్పూరం నిప్పు, వీటన్నిటికీ చెక్క లొంగుతుంది. పసుపు మరక పాలిష్ పొరలోకి ఇంకితే గీకడం తప్ప దారి లేదు.

నేలమట్టం ఇల్లయితే ఆగి ఆలోచించండి. పునాదిలో డాంప్ ప్రూఫ్ కోర్సు (నేల చెమ్మ గోడల్లోకి ఎక్కకుండా వేసే పొర) సరిగా లేని ఇళ్ళలో గోడ అడుగున పెయింటు పొలుసులుగా రాలుతుంటుంది. అది కనబడితే ఆ గదిలో అసలు చెక్క వద్దు. 2021 నవంబరు వానలకి తిరుపతిలో ఎన్నో కాలనీల ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. మీ వీధి అప్పుడు మునిగిందేమో పక్కవాళ్ళని అడిగి తెలుసుకోండి, మునిగి ఉంటే కింది అంతస్తుకి టైల్ తప్ప మరోమాట లేదు.

సాలిడ్ టేకు ఎవరికి? సొంత ఇల్లు, పైఅంతస్తు, ఆరు నెలలు ఆగే ఓపిక, చేయితిరిగిన వడ్రంగి, నాలుగూ ఉన్నవాళ్ళకి. వాళ్ళకి మాత్రం అది మనవళ్ళ కాలందాకా నిలిచే నేల.

కింది నేలని సిద్ధం చేయడం

ఫిర్యాదులు వచ్చేవి ఎక్కువగా ఇక్కడినుంచే, పలకలనుంచి కాదు. కొత్త సిమెంటు బెడ్ ఆరడానికి ఒక్కో ఎం.ఎం. మందానికి ఒక రోజు చొప్పున లెక్క. 50 ఎం.ఎం. బెడ్‌కి కనీసం 50 రోజులు, వానాకాలమైతే ఇంకా ఎక్కువ. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని పచ్చి బెడ్ మీద వేయించిన నేలలు చెడిపోవడం మామూలే. ముహూర్తానికి పాలు పొంగించండి, చెక్క తర్వాత వేయించండి.

చెమ్మ పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. 18 అంగుళాల చదరపు పారదర్శక పాలిథిన్ షీటుని నేలమీద పరిచి నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అతికించండి. ఒక రోజు తర్వాత తీసి చూడండి. షీటు అడుగున నీటి బొట్లు కనబడినా, సిమెంటు ముదురు రంగుకి తిరిగినా ఇంకా ఆరలేదు. గదికి రెండు చోట్ల పెట్టాలి, అందులో ఒకటి బాత్‌రూం గోడకి దగ్గరగా. బాత్‌రూం వాటర్‌ప్రూఫింగ్ పాడైతే దాని నీళ్ళు మొదట చేరేది పక్క పడకగది నేల కిందికే.

పాత టైల్స్ మీదే వేయబోతుంటే ప్రతి టైల్‌నీ చెక్కపిడితో తట్టండి. డొల్ల శబ్దం వచ్చినవి తీసి మళ్ళీ అతికించాలి. తర్వాత మట్టం. రెండు మీటర్ల అల్యూమినియం పట్టీ నిలబెట్టి చూస్తే దాని కింద ఎక్కడా 3 ఎం.ఎం. కంటే ఎక్కువ వెలుతురు కనబడకూడదు. ఎత్తుపల్లాలు ఉంటే ఎత్తుని గ్రైండర్‌తో అరగదీసి, పల్లాన్ని సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండ్‌తో నింపాలి. ఇసుక చల్లడం, పలకల కింద పరిచే మెత్తటి అండర్‌లే రెండు వరసలు వేయడం కాసేపటి సర్దుబాటు. అడుగు పడ్డప్పుడల్లా పలక కిందికీ పైకీ ఆడి, గాడి నాలుకలు విరిగి, ఏడాదికల్లా కిర్రుమంటుంది.

నేలమట్టం ఇంట్లో చెదల మందు ముందే కొట్టించాలి. గోడా నేలా కలిసే చోట వెంబడి అడుగుకొకటి చొప్పున 12 ఎం.ఎం. రంధ్రాలు వేసి మందు దింపి సిమెంటుతో మూస్తారు. చెదల నివారణకి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగం ప్రకారం చేస్తామని బిల్లు మీద రాయించుకోండి. చెక్క వేశాక ఈ పని కుదరదు.

ఎత్తు లెక్క మరవకండి. పాత టైల్ మీద 2 ఎం.ఎం. అండర్‌లే, 15 ఎం.ఎం. పలక వేస్తే నేల 17 ఎం.ఎం. లేస్తుంది. తలుపులు అంత మేర కోయాలి, పైగా 3 ఎం.ఎం. ఖాళీ. గడప ఎత్తు ఆ మేరకి తగ్గుతుంది. గడపని ముట్టుకోకుండా దానికి అరడుగు ముందే చెక్క ఆపి, ఒక అల్యూమినియం రెడ్యూసర్ పట్టీ పెట్టించండి. ఆ అరడుగులో పాత రాయి అలాగే ఉంటే గడపకి పసుపు రాయడానికీ ముగ్గు పెట్టడానికీ ఇబ్బంది ఉండదు. బాత్‌రూం తలుపు, బాల్కనీ తలుపు ముందర కూడా ఒక అడుగు గ్రానైట్ పట్టీ వదిలేయండి. నవంబరులో గాలివాన జల్లు బాల్కనీ తలుపు కిందనుంచి కొట్టేది ఆ అడుగులోకే.

వేసే రోజు

ఇంజినీర్డ్ పెట్టెలు వచ్చాక అదే గదిలో, మూత తీయకుండా, నేలమీద పడుకోబెట్టి రెండు మూడు రోజులు ఉంచాలి. నిలబెడితే పలక వంగుతుంది. ఆ గదిలో తర్వాత ఏసీ వాడబోతుంటే ఆ రోజుల్లో కూడా రోజూ వాడినంతసేపు వేయండి.

మన 12×14 గదికి సరుకు లెక్క ఇలా ఉంటుంది. 168 చదరపు అడుగులకి కోతల కింద 8 శాతం కలిపితే 181. పెట్టెకి 22 చదరపు అడుగులు వస్తుందనుకుంటే తొమ్మిది పెట్టెలు. హెరింగ్‌బోన్ డిజైన్‌కి 15 శాతం కలపండి. 200 మైక్రాన్ల పాలిథిన్ షీటు, అతుకుల దగ్గర అర అడుగు ఒకదానిపైకొకటి వచ్చేలా, గోడలకి కాస్త పైకి మడిచేలా 200 చదరపు అడుగులు కొనాలి. గది చుట్టుకొలత 52 అడుగులు, తలుపు తీసేస్తే 48 పైచిలుకు, ఎనిమిదడుగుల స్కర్టింగ్ పట్టీలు ఏడు. క్లిక్ పద్ధతి (పలకల్ని ఒకదానిలో ఒకటి బిగించి, నేలకి అతికించకుండా తేలేలా వదిలేది) కాకుండా నేలకే అతికించే పద్ధతి అయితే పాలిథిన్, అండర్‌లే ఉండవు. పీయూ లేదా ఎంఎస్ జిగురు చదరపు మీటరుకి 1 నుంచి 1.2 కిలోలు, అంటే ఈ గదికి 16 నుంచి 19 కిలోలు పడుతుంది. నీళ్ళతో కలిపే తెల్ల జిగురు ఇక్కడ పనికిరాదు. అతికించిన నేల అడుగుల చప్పుడు చేయదు, కానీ తీసి మార్చడం కష్టం. అపార్ట్‌మెంట్‌లో తేలే పద్ధతి చాలు.

మొదటి వరస వేసే ముందే చివరి వరస ఎంత వస్తుందో లెక్క కట్టించాలి. 12 అడుగులు అంటే 3658 ఎం.ఎం. రెండు గోడల దగ్గరా 12 చొప్పున సందు తీసేస్తే 3634. 125 ఎం.ఎం. పలకలు 29 వరసలకి 3625. మిగిలింది 9 ఎం.ఎం. అంత సన్న ముక్క నిలవదు, ఊడుతుంది. అందుకని 28 నిండు వరసలు పెట్టుకుని మొదటిదీ చివరిదీ 67 ఎం.ఎం. చొప్పున కోస్తే రెండు గోడల దగ్గరా ఒకేలా ఉంటుంది. ఈ లెక్క ఐదు నిమిషాల పని. ఇది చేయని వాళ్ళ నేల చివరి గోడ దగ్గర పట్టిస్తుంది.

పలకలు గది పొడవు వైపు, వీలైతే కిటికీ వెలుతురు వచ్చే దిశలోనే పరవాలి. పక్క పక్క వరసల్లో అతుకులు కనీసం అడుగు దూరం ఉండాలి. నాలుగైదు పెట్టెలు ఒకేసారి విప్పి కలిపి వాడితే రంగు తేడాలు ఒకచోట పేరుకోవు. గోడ సందులో చెక్కముక్కలు పెట్టి, పని అయ్యాక తీసేశారో లేదో స్కర్టింగ్ బిగించే ముందు మీరే చూడండి. స్కర్టింగ్ మేకు గోడకే పోవాలి, నేలకి తగిలితే ఆ చోట నేల కదలలేక మరోచోట లేస్తుంది. పాత టైల్ స్కర్టింగ్ గోడనుంచి ముందుకి పొడుచుకుని ఉంటే పైనుంచి పావుగుండ్రం బీడింగ్ కన్నా దాన్ని తీయించేయడమే మేలు. బరువైన వార్డ్‌రోబ్ గోడకి బిగించేదైతే ముందు అది, దాని అంచుదాకా నేల. తేలే నేలమీద రెండు వైపులా బీరువాలు నిలబెడితే మేకు కొట్టినట్టే.

8 మీటర్లు దాటిన వరసకి, ఒక గదినుంచి ఇంకో గదికి వెళ్ళే తలుపు కిందా టీ ఆకారపు పట్టీతో విడగొట్టమనండి. పట్టీ కనబడకుండా ఉండాలని ఇల్లంతా ఒకటే ముక్కగా వేయించుకుంటే మొదటి ముసురులోనే ఎక్కడో ఒకచోట లేస్తుంది.

పాడైతే ఏమిటో చదవడం

పలక అంచులు లేచి నడుమ పల్లంగా ఉంటే చెమ్మ కిందనుంచి వస్తోంది. పైకి చూసి సాండింగ్ చేయించకండి. చెమ్మ దారి మూసి ఆరనివ్వాలి, కొన్ని నెలల్లో చాలావరకు అదే సర్దుకుంటుంది. ముందే గీకితే, ఆరాక నడుము ఉబ్బి అంచులు దిగిపోతాయి, అప్పుడు ఇక చేసేదేమీ ఉండదు. గది మధ్యలో నేల బుడగలా లేస్తే గోడ దగ్గర సందు లేదని అర్థం. స్కర్టింగ్ తీసి గోడ వైపు అంచుని 10 ఎం.ఎం. కోస్తే ఒకటి రెండు రోజుల్లో కిందికి దిగుతుంది. పడకగదిలో ఒక మూల మాత్రమే నల్లబడుతుంటే ముందు ఏసీ డ్రెయిన్ పైపు చూడండి. మూసుకుపోయి గోడవెంట కారే బొట్లు నెలలపాటు ఎవరి కంటా పడవు.

తుడవడానికి పిండిన గుడ్డ చాలు, అదీ వారానికి రెండుసార్లు. ఫినాయిల్, బ్లీచింగ్, ఆసిడ్ దగ్గరికి రానివ్వకండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఆరాక తెల్లటి పొర మిగులుతుంది, తుడిచే నీళ్ళు మాత్రం మంచినీళ్ళు తీసుకోండి. మంచం, కుర్చీ కాళ్ళకి ఫెల్ట్ బిళ్ళలు అతికించి ఆరునెలలకోసారి మార్చాలి. ఇసుక వాటిలో చేరితే అవే ఆకురాయిలా గీస్తాయి.

అడ్వాన్సు ఇచ్చే ముందు కొటేషన్‌లో అండర్‌లే, స్కర్టింగ్, పట్టీలు, తలుపు కోత, లెవెలింగ్, రవాణా, జీఎస్టీ ఉన్నాయా లేవా విడివిడిగా రాయించండి. చదరపు అడుగు ధర తక్కువ చెప్పి వీటిలో రాబట్టడం ఎక్కువ. పనివాళ్ళు చెన్నై నుంచో బెంగళూరు నుంచో వచ్చేవాళ్ళయితే, తర్వాత మరమ్మతుకి ఎవరు వస్తారో, రాకపోకల ఖర్చు ఎవరిదో కూడా ఆ కాగితం మీదే ఉండాలి. పని అయ్యాక మిగిలిన పెట్టె దుకాణానికి తిరిగి ఇచ్చేయకండి. అదే రంగు, అదే గాడి రెండేళ్ళ తర్వాత దొరకదు. బ్యాచ్ నంబరు ఉన్న లేబుల్ చింపకుండా, అటక మీద, పెట్టెని పడుకోబెట్టి దాచండి.